బెట్టీ బూప్ జుట్టు ఏ రంగు?

పాత కార్టూన్ల అభిమానులది చిత్రమైన లోకం. మనం పట్టుచీరల గురించి ఎంత పట్టింపుగా మాట్లాడుకుంటామో, వాళ్ళు ఎనభై తొంభై ఏళ్ళ కిందటి మిక్కీ మౌస్, పొపాయ్, బెట్టీ బూప్, పోర్కీ పిగ్ గురించి అంత పట్టింపుగా మాట్లాడుకుంటారు. వాళ్ళలో రెండు జట్లున్నాయి. మొదటి జట్టుకి నలుపు తెలుపులో ఉన్నదే అసలు కార్టూను, దానికి తర్వాత రంగు పులిమినవాళ్ళు పాపాత్ములు. రెండో జట్టువాళ్ళు చిన్నప్పుడు టీవీలో చూసింది ఆ రంగు వేసిన బొమ్మల్నే. వాళ్ళ బాల్యం అంతా ఆ రంగుల్లోనే ఉంది కాబట్టి ఎవరైనా దాన్ని నకిలీ అంటే వాళ్ళకి చివుక్కుమంటుంది.

మా ఇంట్లో రెండు జట్లూ ఉన్నాయండీ. మా మరిది అమెరికాలో ఉంటాడు, 2007లో పొపాయ్ పాత బొమ్మలు శుభ్రం చేసి నలుపు తెలుపులోనే డీవీడీలుగా వేసినప్పుడు కొనుక్కుని దేవుడి గదిలో పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా ఆడపడుచు 1995లో మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చినప్పుడు స్కూలు పిల్ల. ఆమెకి పొపాయ్ అంటే రంగుల పొపాయే. ఇద్దరూ ఫ్యామిలీ గ్రూపులో వాదులాడుకుని చివరికి "వదినా, నువ్వు చెప్పు" అంటారు. అలా ఇద్దరి మధ్యా నలిగి నలిగి నేనూ ఈ విషయం కాస్త చదివాను, చాలా బొమ్మలు చూశాను. పిల్లలకి ఏది చూపించాలో రోజూ తేల్చుకోవాల్సింది మనమే కదా, అందుకని నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలీ రంగుల గొడవ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్తాను. మిక్కీ మౌస్ 'స్టీమ్‌బోట్ విల్లీ' 1928 నవంబరులో న్యూయార్క్‌లో విడుదలైంది. అప్పటికి కార్టూన్లన్నీ నలుపు తెలుపే. 1932లో డిస్నీ వాళ్ళు 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' అనే బొమ్మని నలుపు తెలుపులో మొదలుపెట్టి, చేసిన పని పక్కన పడేసి, మూడు రంగుల టెక్నికలర్‌లో మళ్ళీ తీశారు. కార్టూన్ల విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ దానికే వచ్చింది. ఆ పద్ధతిని కార్టూన్లలో ఇంకెవరూ వాడకుండా డిస్నీ కొంతకాలం ఒప్పందం కుదుర్చుకున్నాడు. దాంతో మిగతా స్టూడియోల వాళ్ళు నలుపు తెలుపులోనో, రెండు రంగుల చౌక పద్ధతుల్లోనో కాలక్షేపం చేశారు. అంత చేసిన డిస్నీ సైతం మిక్కీకి వెంటనే రంగు వేయలేదు, జనం థియేటర్లో రంగుల మిక్కీని చూసింది 1935లో 'ది బ్యాండ్ కన్సర్ట్' వచ్చాకే. పొపాయ్ మామూలు బొమ్మలూ, లూనీ ట్యూన్స్ బొమ్మలూ 1943 దాకా నలుపు తెలుపులోనే వచ్చాయి. మధ్యలో సింద్‌బాద్, అలీబాబా, అల్లాద్దీన్ కథలతో పొపాయ్‌వి మూడు పెద్ద బొమ్మలు మాత్రం పండగ స్పెషల్‌లా రంగుల్లో తీశారు.

ఇరవై పాతికేళ్ళు గడిచాయి. 1960లలో అమెరికా ఇళ్ళలోకి రంగుల టీవీలు వచ్చాయి. డబ్బు పోసి కలర్ టీవీ కొనుక్కున్నవాడు నలుపు తెలుపు బొమ్మ వస్తే ఊరుకుంటాడా? టీవీ స్టేషన్లు పాత కార్టూన్లు మాకొద్దన్నాయి. పెట్టెల్లో వందల కొద్దీ బొమ్మలున్నాయి, ఖర్చు ఎప్పుడో తీరిపోయిన సరుకు, అమ్ముడుపోవడం లేదు. మన భాషలో చెప్పాలంటే బీరువా నిండా పాతబడిన చీరలు. డై వేయించి మళ్ళీ కడదామనుకున్నారు.

ఆ డై వేయించిన తీరు వింటే మీరు ఆశ్చర్యపోతారు. అప్పట్లో కంప్యూటర్లు లేవు కదా, పాత ఫిల్ము మీద రంగు ఎక్కించే వీలు లేదు. అందుకని 1967, 68 ప్రాంతంలో పోర్కీ పిగ్ బొమ్మలు 70కి పైగా దక్షిణ కొరియాకి పంపారు. అక్కడ పనివాళ్ళు ఫిల్ములో ఒక్కో ఫ్రేమునీ ఆపి, దాని మీంచి గీత దించి, ఆ దించిన బొమ్మలకి రంగులు వేసి, మళ్ళీ వరసగా ఫొటోలు తీసి కొత్త ఫిల్ము తయారుచేశారు. అంటే మొత్తం కార్టూను మళ్ళీ గీశారన్నమాట! తర్వాత బెట్టీ బూప్‌కీ, 1980లలో పొపాయ్‌కీ అదే పని జరిగింది.

జాకెట్టు చేతికి ఎంబ్రాయిడరీ డిజైను కార్బన్ కాగితంతో దించినవాళ్ళకి ఇందులో ఏం పోతుందో నేను చెప్పక్కర్లేదు. మొదటిసారి దించితే పువ్వు పువ్వులాగే వస్తుంది. దించినదాని మీంచి ఇంకోసారి దించితే రేకులు బండబారిపోతాయి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఏడు నిమిషాల కార్టూనుకి పదివేల పైచిలుకు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడినా వేల బొమ్మలు కావాలి. అన్నీ దించాలంటే ఖర్చు కదా, మధ్య మధ్యలో కొన్ని వదిలేశారు. దాంతో పాత బొమ్మలో మైనం కరిగినట్టు జారే కదలికలు కొత్తదాంట్లో కుంటుతాయి. పొగ, నీడ, వాననీళ్ళు లాంటి సున్నితమైన పనులు మాయమైపోతాయి. పొపాయ్ తీసిన ఫ్లైషర్ స్టూడియో వాళ్ళయితే కొన్ని బొమ్మల కోసం బల్ల మీద చిన్న చిన్న ఇళ్ళూ వీధులూ నిజంగానే కట్టి, ఆ బల్లని తిప్పుతూ, దాని ముందు బొమ్మ పెట్టి ఫొటో తీసేవారు. మన సంక్రాంతి బొమ్మల కొలువు గుండ్రంగా తిరుగుతుంటే దాని ముందు పొపాయ్ నడుస్తున్నట్టు ఊహించుకోండి. ఆ లోతుని కాగితం మీద గీతతో దించడం ఎవరి తరం? దించిన కాపీల్లో ఆ వీధి పరదా మీద వేసిన బొమ్మలా చదునుగా ఉంటుంది.

ఏమాటకామాటే, ఇందులో ఆ కొరియా పనివాళ్ళని నేను ఒక్క మాట కూడా అనను. తక్కువ కూలికి, తక్కువ గడువులో, తాము ఎన్నడూ చూడని దేశపు హాస్యాన్ని గీత తప్పకుండా దించమంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అభిమానులు ఆ బొమ్మల్ని "కొరియా చెత్త" అన్నట్టు మాట్లాడినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. చెత్తగా చేయించింది డబ్బు పెట్టినవాళ్ళు.

1990లకి కంప్యూటర్లు వచ్చాయి. పాత ఫిల్మునే ఉంచి దాని మీద రంగు పూత పూయడం మొదలైంది. లూనీ ట్యూన్స్‌లో మిగిలిన నలుపు తెలుపు బొమ్మలకీ, మిక్కీ పాత బొమ్మల్లో కొన్నింటికీ అలా చేశారు. దీనికీ కొరియా పద్ధతికీ హస్తిమశకాంతరం. ఇక్కడ గీత చెడదు, కదలిక చెడదు. రంగు నచ్చకపోతే టీవీలో కలర్ తగ్గించుకుంటే దాదాపు పాత బొమ్మే కనిపిస్తుంది. మా మరిది రెంటినీ ఒకే గాటన కట్టి తిడతాడు, అది నాకు సబబుగా తోచదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. కార్టూనుకి రంగు వేయడం, సినిమాకి రంగు వేయడం ఒకటేనా?

మన 'మాయాబజార్' ఉంది. 1957లో వచ్చిన సినిమాకి హైదరాబాదు కంపెనీ ఒకటి రంగులు వేయించి 2010 జనవరిలో మళ్ళీ విడుదల చేసింది. మా అత్తయ్యగారు ముచ్చటపడి వెళ్ళొచ్చారు. అక్కడ ఒక సంగతి ఉంది. కెమెరా ముందు సావిత్రి నిలబడ్డ రోజున ఆవిడ చీరకి ఒక రంగు ఉంది. నగలకి రంగుంది, ఎస్.వి. రంగారావు కిరీటానికి రంగుంది. ఫిల్ము దాన్ని పట్టుకోలేకపోయింది, అంతే. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు వేసిన రంగు సరైనదో కాదో గానీ, సరైన రంగంటూ ఒకటి లోకంలో ఒకప్పుడు ఉండేది. మార్కస్ బార్ట్లే వెన్నెల సంగతి వేరు. ఆ పడవ పాటలో వెన్నెల ఆయన నలుపు తెలుపులతోనే అల్లిన వెన్నెల, దాని మీద నీలం పోస్తే నాకెందుకో మనసొప్పలేదు. అత్తయ్యగారికి మాత్రం భలే నచ్చింది, "ఇన్నాళ్ళకి శశిరేఖ చీర రంగు తెలిసిందే" అన్నారు.

కార్టూనుకి అలాంటి చీరే లేదు. ఆ బొమ్మని మొదట్లో పారదర్శకమైన సెల్లు మీద వేసినప్పుడే నలుపు, తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద పెయింట్లతో వేశారు. పోర్కీ చొక్కా అసలు రంగు ఏమిటని అడిగితే జవాబు బూడిదరంగే. ఫిల్ము పోగొట్టిన రంగు ఏదీ లేదు కాబట్టి తిరిగి తెచ్చేదీ ఏమీ లేదు. మిక్కీ ఒళ్ళంతా ఎందుకంత కారునలుపు? వెనకాల బూడిదరంగు మీద కొట్టొచ్చినట్టు కనపడాలని. తెల్ల చేతి తొడుగులెందుకు? నల్లటి ఒంటి ముందు నల్లటి చెయ్యి ఊపితే ఎవరికీ కనపడదు గనక. మొదటి బొమ్మల్లో మిక్కీకి తొడుగులు లేవు, 1929లో వేశారు. ఇలా ప్రతి నిర్ణయం వెనకా నలుపు తెలుపుల లెక్క ఉంది. ఆ లెక్కతో కట్టిన ఇంటికి తర్వాత ఆకుపచ్చ, పసుపు, గులాబి సున్నాలు వేస్తే బొమ్మ గోడలో కలిసిపోతుంది. రంగు వేసిన పోర్కీ బొమ్మల్లో పాత్ర ఎక్కడుందో వెతుక్కోవాల్సి రావడానికి కారణం ఇదే.

బెట్టీ బూప్ సంగతి ఇంకా తమాషా. టీ-షర్టుల మీదా, హ్యాండ్‌బ్యాగుల మీదా చూస్తుంటాం కదా, ఎర్ర గౌను, నల్ల జుట్టు. ఫ్లైషర్ వాళ్ళ రోజుల్లో ఆమె రంగుల్లో కనపడింది ఒకే ఒక్క బొమ్మలో, 1934లో వచ్చిన 'పూర్ సిండరెల్లా'. అందులో ఆమె జుట్టు ఎరుపు! టెక్నికలర్ డిస్నీ చేతిలో ఉండటంతో వీళ్ళు సినీకలర్ అనే రెండు రంగుల పద్ధతి వాడారు. అందులో ఎరుపు బాగా పలుకుతుంది, ఉన్న రంగుని గట్టిగా వాడుకున్నారు. ఇప్పుడు చెప్పండి, బెట్టీ జుట్టు నలుపా, ఎరుపా? సృష్టించినవాళ్ళే ఎర్రగా చూపించారు, లోకమంతా నల్లగా గుర్తుపెట్టుకుంది. రంగులు వేసేవాళ్ళు "అసలు రంగు" అనే మాట వాడినప్పుడల్లా నాకీ ఎర్రజుట్టు బెట్టీ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఈ రంగుల వాదనల్లో ఎవరూ తలవని మనుషులు కొందరున్నారు. ఆ పెయింట్లు వేసిన ఆడవాళ్ళు. అమెరికా స్టూడియోల్లో బొమ్మ గీసేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. వాళ్ళు కాగితం మీద పెన్సిలుతో గీసిన బొమ్మని సెల్లు మీద ఇంకుతో దించి, వెనకవైపు రంగు నింపే విభాగంలో మాత్రం ఎక్కువమంది ఆడపిల్లలు. ఇంక్ అండ్ పెయింట్ అనేవారు. చెయ్యి వణకకూడదు, గీత ఒక వెంట్రుక మందం అటూ ఇటూ కాకూడదు, సెల్లు మీద వేలిముద్ర పడకూడదు. రోజంతా అదే పని. తెర మీద మనం చూసే గీత మగ యానిమేటరు పెన్సిలుది కాదు, పేరు తెలియని ఒక అమ్మాయి కలానిది. 1938లో డిస్నీ స్టూడియో ఉద్యోగం అడిగిన ఒక యువతికి రాసిన జవాబు ఉత్తరం ఇప్పటికీ ఉంది. బొమ్మలు సిద్ధం చేసే సృజనాత్మకమైన పని ఆడవాళ్ళు చేయరనీ, అది కుర్రాళ్ళ పని అనీ, ఆడపిల్లలకి ఇంకు, పెయింటు పని మాత్రమే ఉందనీ, దానికీ పోటీ ఎక్కువేననీ దాని సారాంశం. ముందు ఏడాదే వచ్చిన 'స్నో వైట్' బుగ్గల మీద ఆ ఎరుపు అద్దింది ఈ సృజన లేని ఆడవాళ్ళే!

న్యూయార్క్‌లో ఫ్లైషర్ వాళ్ళ దగ్గర లిలియన్ ఫ్రీడ్‌మన్ అనే ఆవిడ ఆ గడప దాటింది. అమెరికా స్టూడియోల్లో యానిమేటరుగా పనిచేసిన తొలి మహిళల్లో ఒకరు. బెట్టీ బూప్‌నీ, పొపాయ్‌నీ గీసింది. గీసిన చాలా బొమ్మల్లో తెర మీద ఆమె పేరే లేదు. అదే స్టూడియోలో 1937లో జీతాలూ పనిగంటల కోసం కింది స్థాయి ఉద్యోగులు నెలల తరబడి సమ్మె చేశారు. తర్వాత ఏడాది స్టూడియోని మయామీకి తరలించారు. పొపాయ్ ఫ్లోరిడాకి వెళ్ళాడని అభిమానులు సరదాగా చెప్పుకుంటారు గానీ, దాని వెనక ఈ సమ్మె ఉంది.

నేను దించుడు కాపీల్ని ఎందుకు ఒప్పుకోనో దీంతో మీకు అర్థమయ్యే ఉంటుంది. "పోయిందేముంది, బొమ్మ అదే కదా, పైగా రంగొచ్చింది" అంటుంది మా ఆడపడుచు. పోయింది ఆ అమ్మాయిల గీత. పేరు ఎలాగూ వేయలేదు, పని ఒక్కటే మిగిలింది, కొత్త కాపీలో ఆ పని కూడా లేకుండా పోయింది. పొద్దున్నించి వంటింట్లో నిలబడి చేసినదాన్ని ఎవరో మైక్రోవేవ్‌లో పెట్టి, పైన కొత్తిమీర జల్లి తామే వండినట్టు వడ్డిస్తే మనకెలా ఉంటుంది?

అలాగని మా మరిది జట్టులో చేరిపోయాననుకోకండి. వాళ్ళతో నాకు ఇంకో పేచీ ఉంది.

ముందు మనవాళ్ళ జ్ఞాపకాల సంగతి. "మా చిన్నప్పటి బ్లాక్ అండ్ వైట్ కార్టూన్లే వేరు" అనే మాట నా వయసువాళ్ళ నోట చాలాసార్లు వింటాను. ఏ కార్టూన్లు బాబూ అని కూపీ లాగితే దూరదర్శన్‌లో వచ్చిన మిక్కీ, డోనాల్డ్, లేదంటే టామ్ అండ్ జెర్రీ అంటారు. టామ్ అండ్ జెర్రీ 1940లో మొదలైనప్పట్నించీ రంగుల్లోనే ఉంది! నలుపు తెలుపు అయింది మన టీవీ. ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్, చెక్క తలుపుల పెట్టె, పైన కుట్టుపని చేసిన గుడ్డ. మన దేశంలో 1982లో కలర్ ప్రసారాలు మొదలైనా, మధ్యతరగతి ఇళ్ళలోకి కలర్ టీవీ రావడానికి ఇంకో పదేళ్ళు పైనే పట్టింది. 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' గుర్తుందా? విజయా ములే అనే మహిళ రూపొందించారు, 1974 నాటిది, భీమ్‌సేన్ బొమ్మలు కట్టారు. పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయేది. అది కూడా రంగుల బొమ్మే, చాలామందిమి దాన్ని బూడిదరంగులోనే చూశాం. మొన్న యూట్యూబులో రంగుల్లో చూసి మావారు "దీనికి ఎవరో కలరింగ్ చేసినట్టున్నారే" అన్నారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఇంకో మాట. అప్పట్లో మన ఇళ్ళలో నలుపు తెలుపు టీవీకి మనమే రంగు వేశాం. తెర ముందు తగిలించే ప్లాస్టిక్ అద్దం ఉండేది, పైన నీలం, మధ్యలో ఎరుపో నారింజో, కింద ఆకుపచ్చ. వార్తలు చదివే ఆవిడకి నీలం జుట్టు, ఎర్రమొహం, పచ్చచీర. పక్కింటివాళ్ళు అది తగిలించిన రోజు వీధి వీధంతా చూడటానికి వెళ్ళింది. ఎవరికీ కళ మీద అపచారం జరిగినట్టు అనిపించలేదు. రంగు మీద ఆశ మనుషులకి సహజం, దాన్ని మరీ అంత ఈసడించుకోనక్కర్లేదు.

రెండోది, పాతదంతా బంగారం అనే వాదన. ఆ పాత కార్టూన్లు పిల్లల పక్కన కూర్చుని చూస్తే కదా తెలిసేది. నల్లజాతి వాళ్ళని ఎంత హీనంగా గీశారో కొన్నిటిలో చూస్తే తల తిప్పుకోవాలనిపిస్తుంది. పొపాయ్ కథ సగంసార్లు ఒకటే, బ్లూటో ఆలివ్ ఆయిల్‌ని భుజాన వేసుకుని ఎత్తుకుపోతాడు, ఆమె కేకలు పెడుతుంది, పొపాయ్ పాలకూర డబ్బా మింగి వచ్చి విడిపిస్తాడు. పాలకూర పప్పు తినిపించడానికి నేనూ ఆ పొపాయ్‌నే వాడుకున్నాను లెండి, అందరు అమ్మల్లాగే. కానీ మా చిన్నది "ఆలివ్ ఎందుకు పాలకూర తినదు?" అని అడిగింది. మంచి ప్రశ్నే. అన్నట్టు బెట్టీకీ ఆలివ్‌కీ ఇద్దరికీ ఎక్కువకాలం గొంతిచ్చింది ఒకే ఆవిడ, మే క్వెస్టెల్. ఒకే గొంతులోంచి ఆ ముద్దుపలుకులూ ఈ కీచుకేకలూ ఎలా వచ్చాయో గానీ, వింటే ఒకరే అని ఎవరూ అనుకోరు.

బెట్టీని నిజంగా మార్చేసింది రంగు కూడా కాదు. 1934లో అమెరికా సినిమాల మీద నీతి నియమావళిని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా పొట్టి గౌనుతో, అల్లరిగా, ఉద్యోగంలో చెయ్యి వేయబోయిన మగవాణ్ణి తప్పించుకుని తిరిగే పిల్ల కాస్తా గౌను పొడుగయ్యి, కుక్కపిల్లని సాకుతూ, ఇల్లు సర్దుకుంటూ, నెమ్మదస్తురాలైపోయింది. మగవాళ్ళ ప్రవర్తన దిద్దడం మానేసి ఆమె గౌను దించారు! ఎక్కడో విన్న కథలా లేదూ? ఇంట్లో ఉండే ఆడవాళ్ళ మీద నాకేం చిన్నచూపు లేదు, నేనూ అదే కదా. కానీ ఆ తర్వాతి బెట్టీ బొమ్మల్లో ఉప్పూకారం తగ్గిపోయాయి. ఆ మార్పు గురించి అభిమానులు కొట్టుకున్నా అర్థం ఉంటుంది.

రంగు వేయడం ఆపాలా అంటే, 1980లలో అమెరికాలో ఆ పోట్లాట పెద్ద ఎత్తునే జరిగింది. టెడ్ టర్నర్ పాత సినిమాల హక్కులు కొని వరసపెట్టి రంగులు వేయిస్తుంటే దర్శకులు సెనేట్ ముందుకెళ్ళి మొరపెట్టుకున్నారు. 1988లో సినిమాల పరిరక్షణకి చట్టం వచ్చింది, ముఖ్యమైన సినిమాల జాబితా ఒకటి మొదలైంది. 'స్టీమ్‌బోట్ విల్లీ' కూడా 1998లో అందులో చేరింది. ఫ్రాన్సులో అయితే జాన్ హ్యూస్టన్ వారసులు కోర్టుకెళ్ళి, ఆయన సినిమాని రంగుల్లో చూపించడం ఆయన నైతిక హక్కుకి భంగం అని 1991లో గెలిచారు. కార్టూన్ల తరఫున మాత్రం ఇంత గట్టిగా వాదించినవాళ్ళు కనపడరు. పిల్లల సరుకు కదా, ఎవరికి పట్టింది.

ఇప్పుడా అదుపు కూడా లేదు. 2024 జనవరి 1 నుంచి అమెరికాలో 'స్టీమ్‌బోట్ విల్లీ' అందరి సొత్తు. ఏడాది తిరిగేసరికి 1929 నాటి పొపాయ్ కూడా వచ్చాడు. ఎవరైనా తీసుకుని ఏ రంగైనా వేయొచ్చు. వేస్తున్నారు కూడా. ఫోన్‌లో చూడండి, కంప్యూటరు తనంతట తాను రంగేసిన బొమ్మల్లో మిక్కీ నిక్కరు ఒక క్షణం ఎరుపు, మరుక్షణం గోధుమ, గీతలన్నీ అలుక్కుపోయి ఉంటాయి. నా భయమల్లా ఇక్కడే. పిల్లలు వెతికితే ముందు వచ్చేది అదే, అసలుది ఎక్కడో అడుగున. మా పిల్లలకి నలుపు తెలుపు అంటే "పాడైపోయిందా అమ్మా?" అనే అనుమానం ఎలాగూ ఉంది.

అందుకని నా పట్టుదల ఒక్కటే. రంగులది వేసుకోండి, కానీ అసలుదాన్ని శుభ్రం చేసి పక్కనే పెట్టండి, ఏది ఏదో పైన స్పష్టంగా రాయండి. నెయ్యి డబ్బా మీద నెయ్యో వనస్పతో రాయమని అడుగుతామా లేదా? దించి గీసిన కాపీకీ, రంగు పూసిన కాపీకీ, అసలుకీ తేడా చెప్పకుండా అన్నిటినీ పాత కార్టూన్ అని ఒకే పేరుతో పెట్టడం నాకు మోసంగానే కనిపిస్తుంది.

మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఒకే బొమ్మని రెండు రకాలుగానూ చూపిస్తున్నాను, నలుపు తెలుపు ముందు, రంగులది తర్వాత. మొదటి రెండు వారాలు గొణిగారు. మూడోవారం మా అబ్బాయి తనే కనిపెట్టాడు, "ఇందులో పొపాయ్ సరిగ్గా నడవట్లేదు" అని. వాడికి ఫ్రేముల సంగతీ, కొరియా సంగతీ నేనేం చెప్పలేదు.

మీరూ మొదలుపెడతానంటే బెట్టీ బూప్‌ది 'మిన్నీ ద మూచర్' అని 1932 బొమ్మ ఉంది, దాంతో మొదలుపెట్టండి. అన్నం తినవేమే అని అమ్మానాన్నా కేకలేస్తే బెట్టీ ఇల్లొదిలి పారిపోతుంది, గుహలో దయ్యాలు కనిపిస్తాయి, హడలిపోయి ఇంటికొచ్చి దుప్పటి ముసుగు పెడుతుంది. ఆ పాడే దయ్యం వాల్రస్, దాని డాన్సు ఆనాటి జాజ్ గాయకుడు క్యాబ్ కాలొవేది, ఆయన నిజంగా ఆడిన ఆట మీంచి గీశారు. నలుపు తెలుపులోనే చూడాలి, ఆ గుహ చీకటికి రంగు పనికిరాదు. కాకపోతే పగటిపూట చూపించండి. మా చిన్నది రెండ్రోజులు బాత్రూముకి నా కొంగు పట్టుకునే వెళ్ళింది, అన్నం మాత్రం మారు మాట్లాడకుండా తినేసింది.